సెలవు అడిగిన ఆయా

కాన్పుల వార్డు గుమ్మం పక్కన గోడకు ఒక చెక్క పలక ఉండేది. దానికి వరుసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో ఇత్తడి బిళ్ళ. పొద్దున డ్యూటీకి వచ్చిన ఆయా తన నంబరు బిళ్ళ తీసి, భుజం దగ్గర చీరకు పిన్నుతో పెట్టుకోవాలి. పలక మీద ఏ బిళ్ళ మిగిలితే ఆ ఆయా రానట్టు. మేట్రనమ్మ వచ్చి పలక చూసి హాజరు వేసుకునేది. ఆమె మా మొహాలు చూసి హాజరు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

అప్పటికి నాకు అక్షరాలు రావు. అంకెల ఆకారాలు గుర్తు పెట్టుకునేదాన్ని. రెండు గీతలు పక్కపక్కన నిలబడి ఉంటే అది నా బిళ్ళ. కానీ ఆ ఆసుపత్రిలో నేను మొట్టమొదట పెట్టుకున్న బిళ్ళ అది కాదు. దాని మీద కొడవలి లాంటి అంకె ఉండేది. అది పెద్దక్కది.

అందరం పెద్దక్క అని పిలిచే ఆమె మా జహనుమా గల్లీలోనే ఉండేది. పాతబస్తీ వ్యాపారులు కొందరు కలిసి పెట్టిన ఆ ఆసుపత్రిలో ఆయాలందరికన్నా పాతది. మొదటి తెలంగాణ లొల్లి చల్లబడిన రోజుల్లో ఒకనాడు మా ఇంటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి కూచుంది. ఎదిగిన బిడ్డకు సంబంధం చూడాల్సిన వయసులో ఆమెకు మళ్ళీ నెల తప్పింది.

"ఎవలకన్న చెప్పుకునేటట్టుందా ఇది?" అని ఆమే నవ్వింది. "నాకు బద్లీ గావాలె. నువ్వు వస్తవా?"

తన బదులు ఇంకో మనిషిని పంపడాన్ని బద్లీ అనేవాళ్ళు. ఆసుపత్రిలో ఆయాలకు కాన్పు సెలవు లేదు. కడుపు పెద్దదైతే పనికి రావద్దనేవాళ్ళు, రాకపోతే తీసేసేవాళ్ళు. అందుకని నెలలు నిండే ఆయా తన చెల్లెనో, ఆడబిడ్డనో, తెలిసిన మనిషినో పంపి తను ఇంట్లో ఉండిపోయేది. వచ్చిన మనిషి ఆ బిళ్ళే పెట్టుకుని ఆ పనే చేసేది. జీతం ఇద్దరూ పంచుకునేవాళ్ళు. రేపు బద్లీ మనిషికి అవసరం పడితే వీళ్ళు ఎవరినో ఒకరిని చూసిపెట్టాలి. ఇది ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆయాలందరికీ తెలుసు, పైవాళ్ళెవరికీ తెలియదు.

పెద్దక్క నాకు పని నేర్పింది మా ఇంట్లోనే. తలగడను బిడ్డలా చుట్టించింది. నొప్పులు పడే మనిషి భుజాలు ఎలా పట్టుకోవాలో తను పడుకుని చూపించింది. అసలైన పాఠం చివర చెప్పింది.

"మేట్రన్ వస్తుంటే బకెట్ దిక్కు చూడు. కొంగు నెత్తి మీద ఉండాలె. ఆమె నీ దిక్కు చూడది, ఫికర్ చెయ్యకు. గానీ బిడ్డను బయటకు తీస్కపోయి సుట్టాల చేతుల పెట్టుడు మాత్రం నువ్వు జెయ్యకు."

"ఎందుకక్కా?"

"గాళ్ళు సంబరంల ఉంటరు. మొహం సూస్తరు, పేరడుగుతరు, మిఠాయి తినిపిస్తరు. రేపు మల్లొచ్చి గామె ఏదని ఎతుకుతరు. ఇగ అందరం మునుగుతం."

అలా నేను కొన్ని నెలలు పెద్దక్కనై ఉన్నాను. పుట్టిన బిడ్డను తుడిచి, గుడ్డలో చుట్టి, గుమ్మం దాకా తెచ్చి వేరే ఆయా చేతిలో పెట్టేదాన్ని. తలుపు అవతల మగవాళ్ళ గొంతులు, బిడ్డ చెవిలో అజాన్ చెప్పే తాత గొంతు వినిపించేవి. నేను బకెట్ దగ్గరికి వెనక్కి వెళ్ళేదాన్ని. తరువాత ఒక ఆయా పని మానేసినప్పుడు పెద్దక్కే నన్ను మేట్రనమ్మ దగ్గరికి తీసుకెళ్ళి, కొత్త మనిషని చెప్పి చేర్పించింది. అంతకుముందు అన్ని నెలలు తన ఎదురుగా తిరిగిన మనిషిని మేట్రనమ్మ పైనుంచి కిందికి చూసి, "పని వచ్చా?" అని అడిగింది. పెద్దక్క నా చెయ్యి గిల్లింది. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరం నేల చూశాం.

ఆ తరువాతి కొన్నేళ్ళు నా జీవితంలో మంచివి. జహనుమా నుంచి పొద్దున్నే ఐదారుగురం ఆయాలం కలిసి బయలుదేరేవాళ్ళం. అలియాబాద్, శాలిబండ మీదుగా నడక. టీ కొట్లు అప్పుడే తెరిచేవాళ్ళు. దారి పొడుగునా మాటలే. పగలు మెట్ల కింద గుండ్రంగా కూచుని, అందరి టిఫిన్లు మధ్యలో పెట్టుకుని తినేవాళ్ళం. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. అమ్మ చిన్నప్పుడే పోయింది. నాయనతో పాలమూరు నుంచి కూలికి వచ్చినదాన్ని, ఆయనా పోయాడు. మా ఆయనకూ తల్లి లేదు. ఆ మెట్ల కింద కూచున్నప్పుడు ఆ సంగతి గుర్తుండేది కాదు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు నాకు కడుపు నిలిచింది. పెద్దక్క ఎంతో సంబరపడింది. తన చెల్లెలిని నాకు బద్లీగా పంపుతానని మాటిచ్చింది. కానీ ఆ చెల్లెలి మొగుడికి గుల్బర్గా వైపు పని దొరికి ఇద్దరూ వెళ్ళిపోయారు. పెద్దక్క ఇంకొకామెను అడిగింది, ఆమెకు చంటిపిల్ల. మరొకామె ఒప్పుకుని, మూడోనాడు భయమేసిందని రాలేదు. చీర ఎంత వదులుగా కట్టినా నా కడుపు దాగడం లేదు.

"ఇంకొన్ని దినాలాగు, ఎవలన్న దొరుకుతరు" అంది పెద్దక్క.

నేను ఆగలేకపోయాను. ఆ వారంలోనే ఒక సంగతి జరిగింది. మగ వార్డులో పనిచేసే అతను సైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని నెలల తరబడి ఇంట్లో ఉన్నాడు. తిరిగి వచ్చాడు. అతని బిళ్ళ అతనికి ఇచ్చారు. "సెలవు పెట్టిన, ఇచ్చిన్రు" అని అతనే చెప్పాడు. ఎముక విరిగితే సెలవు ఉన్నప్పుడు దీనికి కూడా ఉంటుందనుకున్నాను. కాన్పులు చేసే ఆసుపత్రిలో కాన్పు గురించి అడగడం తప్పు అవుతుందని నాకు తోచలేదు. మేట్రనమ్మ గదిలోకి వెళ్ళి అడిగాను.

ఆమె చేతిలో ఉన్న పెన్ను కింద పెట్టింది. కేరళ నుంచి చిన్న వయసులోనే వచ్చిన మనిషి, తెలుగు మెల్లగా మాట్లాడేది.

"అలాంటి సెలవు ఇక్కడ లేదమ్మా. నీకు ముందు ఎవరూ అడగలేదు."

మరునాడు పలక మీద నా మేకు ఖాళీగా ఉంది. పైవాళ్ళు నన్ను తీసేశారని గుమ్మం దగ్గర కాపలా అతను చెప్పాడు.

సాయంత్రం పెద్దక్క వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"అడిగినవా? ఎవలన్న అడుగుతరా గట్ల? ఇన్నేండ్ల నుంచి ఎవలమన్న అడిగినమా?"

"వార్డుబాయ్‌కి ఇచ్చిన్రు గదక్కా."

"గాడు మొగోడు. గానికి కాలు ఇరిగింది. నీకేం ఇరిగింది?" అని, తన మాటకు తనే నవ్వబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

నది అవతల సర్కారు దవాఖానాలో నాకు కూతురు పుట్టింది. నన్ను పట్టుకుని కూచున్న ఆయా ఎవరో కొత్త మనిషి. ఆమె చేతులు చూస్తూ, భుజం ఇంకొంచెం కిందికి పట్టుకుంటే బాగుండు అనుకోవడం గుర్తుంది.

మా ఆయన కంచన్‌బాగ్‌లో ఒక కార్ఖానాలో కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. అక్కడి యూనియన్ మనిషి ఎవరో మమ్మల్ని మొఘల్‌పురాలోని ఒక ముసలి వకీలు దగ్గరికి పంపాడు. ఇంటి ముందు గదే ఆయన దఫ్తరు. అంతా విని, ఆసుపత్రుల మీద లేబర్ కోర్టుకు పోయే దారి ఈ మధ్యనే తెరుచుకుందని, కాలు విరిగిన మగవాడికి ఉన్న న్యాయం కాన్పయిన ఆడదానికి ఎందుకు లేదని అడుగుదామని అన్నాడు.

"బేటీ, నీకు ఏం గావాలె? పైసలా, నౌకరీనా?"

"నా పని నాకు గావాలె."

"పైసలైతే జల్దీ అయితది. పనంటే ఏండ్లు పడ్తది."

"పడనియ్యండ్రి."

ఏళ్ళే పట్టింది. ఆ రోజుల్లో మొఘల్‌పురాలో రెండిళ్ళలో గిన్నెలు తోమేదాన్ని. పొద్దున మా గల్లీలోంచి ఆయాలు ఎప్పటిలాగే నవ్వుకుంటూ పోయేవాళ్ళు. మొదట్లో నా గుమ్మం ముందు ఆగి, బిడ్డను కాసేపు ఆడించి పోయేవాళ్ళు. నేను కేసు వేసిన సంగతి ఆసుపత్రిలో తెలిశాక నడుస్తూనే పలకరించేవాళ్ళు. తరువాత ఒక పొద్దున ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. వెనక గల్లీలోంచి వాళ్ళ మాటలు వినిపించాయి. ఆ గల్లీలో మురికి మోరీ పొంగుతూ ఉండేది, ఎవరూ అటు నడవడానికి ఇష్టపడేవాళ్ళు కాదు. ఆ రోజు నుంచి వాళ్ళు అటే పోయారు.

సాయంత్రాలు గడిచేవి కావు. మా ఆయన ఒక పూట పని చాలక రెండు పూటలు చేసి వచ్చి పడుకునేవాడు. దగ్గరి బడి వరండాలో ఆడవాళ్ళకు రాత్రి చదువు అని పెట్టారు. లాంతరు వెలుగు, పక్కన నలుగురు మనుషులు ఉంటారని వెళ్ళాను. అక్షరాల కోసం వెళ్ళానంటే అబద్ధమవుతుంది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. చివరికి నేనూ, పంతులమ్మా మిగిలాం. అలా చదువు వచ్చింది.

నన్ను బోను ఎక్కించే ముందు వకీలు సాబ్ పిలిపించాడు.

"నీ కేసు అద్దం లెక్క సాఫ్ ఉంది. లేకిన్ వాళ్ళ వకీలు ఒక్క సవాల్ అడుగుతడు. గింతమంది ఆయాలు, గిన్ని ఏండ్లు, ఎవలకీ సెలవు లేకుండ కాన్పులెట్లయినయి? జవాబు నాకు తెల్వదు, నీకు తెలుసు. నీ మొహం చెప్తుంది."

నేను తల దించుకుని బద్లీ సంగతి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఇదే నీ కేసు. సెలవు ఇయ్యకనే గదా గట్ల చేసిన్రు. చెప్పు, గెలుస్తవ్. చెప్పకుంటే వాళ్ళు ఎవ్వలు అడగలే, ఎవ్వలకీ తక్లీఫ్ లేదంటరు."

ఆ సంగతి వకీలు ఇంటి గోడలు దాటిందో, తనే ఊహించిందో గాని, మరుసటి ఆదివారం పెద్దక్క వచ్చింది. గిన్నెలో బగారా అన్నం తెచ్చింది. నా కూతురిని చాన్నాళ్ళకు ఒళ్ళో కూచోబెట్టుకుని తినిపించింది. బిడ్డ మూతి తన కొంగుతో తుడిచి, అప్పుడు నా వైపు చూసింది.

"నీ కొలువు నీకు రావాలె. నేను కాదంటలేను. మా కొలువులు పోవద్దు."

"మీ పేర్లు చెప్ప అక్కా."

"పేర్లు చెప్పకుంటే ఏమైతది? గుట్టు చెప్తివంటే ఇగ ఏం మిగుల్తది? నా బిడ్డ గూడ ఇప్పుడు అండ్లనే చేస్తుంది. రేపు దానికి ఎవలు నిలబడాలె?"

"సెలవు వస్తది గద."

"కాన్పుకు వస్తదేమో. మరి పోరనికి జరమొస్తే? సావుకు పోవాలంటే? అత్త మంచాన పడితే? గప్పుడు బద్లీ ఎవలిస్తరు, నీ జడ్జి ఇస్తడా?"

ఆమె ఖాళీ గిన్నె తీసుకుని లేచింది. గిన్నె కడిగి ఇస్తానంటే వద్దంది.

కోర్టుకు నయాపూల్ దాటి పోవాలి. ఆ రోజు మా ఆయన బిడ్డను పట్టుకుని బయట వేపచెట్టు కింద కూచున్నాడు. లోపల బెంచీ మీద ఆసుపత్రి గుమస్తా, మేట్రనమ్మ. మా వైపు బెంచీ ఖాళీ. వాళ్ళ వకీలు కుర్రవాడే, మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, నీతో పనిచేసే ఆయాలకు పిల్లలున్నారా?"

"ఉన్నరు సార్."

"వాళ్ళలో ఎవరైనా ఈ సెలవు అడిగారా?"

"లేదు సార్."

"ఎవరి బిళ్ళయినా పలక మీద నెలల తరబడి ఉండిపోయిందా?"

"లేదు."

"అంటే ఇబ్బంది నీ ఒక్కదానికే వచ్చింది."

ఒక్కదానికే అన్న మాట దగ్గర ఆయన తన కాగితాల వైపు తిరిగాడు. ఆ ఒక్క మాట నిజమే. అక్కడున్న ఖాళీ బెంచీ కూడా అదే చెబుతోంది. నేను ఇలా అన్నాను:

"నేను కొలువుల చేరక ముందే ఆ వార్డుల పనిచేసిన సార్. ఇంకొకామె బిళ్ళ పెట్టుకోని చేసిన. ఆమెకు కాన్పయింది. అందరం గట్లనే చేస్తం. సెలవు ఇయ్యరు గాబట్టి."

జడ్జి గారు తలెత్తారు. "ఎవరి బిళ్ళ?"

"చెప్ప సార్."

"చెప్పకపోతే నీ మాట ఎలా నమ్మాలి?"

"నమ్మకుంటే నమ్మకుండ్రి సార్. పేరు మాత్రం చెప్ప."

మా వకీలు సాబ్ కళ్ళు మూసుకున్నాడు. జడ్జి గారు మేట్రనమ్మను పిలిచారు. ఈమెను మొదట ఎప్పుడు చూశారని అడిగారు. కొలువులో చేరిన రోజని ఆమె చెప్పింది. అంతకుముందే నెలల తరబడి మీ ఎదుటే పనిచేశానంటోంది, అది జరగడానికి వీలుందా అని అడిగారు.

వీలు లేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆసుపత్రి వాళ్ళు ఆమెను అందుకే తెచ్చారు. ఆమె తల తిప్పి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ఆ ఆసుపత్రిలో నర్సులు పెళ్ళి చేసుకుంటే మానేయాల్సిందే. ఆమె పెళ్ళి లేకుండా అక్కడే ఉండిపోయింది. అదంతా నాకు ఆ రోజే తట్టింది.

"జరిగి ఉండొచ్చు" అంది. "నేను బిళ్ళ చూస్తాను. మొహాలు చూడను."

తీర్పు రావడానికి ఇంకొంత కాలం పట్టింది. నా పని నాకు వచ్చింది. పాత జీతం కొంత ఇప్పించారు, అది వేరే సంగతి. కాన్పుకు సెలవు ఇవ్వాలని ఆసుపత్రి గోడ మీద కాగితం అంటించారు. నేను మొదటి రోజు గుమ్మం దగ్గర ఆగి దాన్ని కూడబలుక్కుని చదివాను. దాని పక్కన చెక్క పలక లేదు. మేకులు పీకిన గుంటలకు సున్నం కొట్టారు. బిళ్ళలు పోయి ఫోటోలున్న కార్డులు వచ్చాయి. మేట్రనమ్మ పొద్దున ఒక్కొక్కరి మొహం చూసి కార్డు ఇస్తోంది.

పెద్దక్క చెప్పినట్టే అయింది. ఒక ఆయా తల్లి చనిపోయి ఊరికి వెళితే జీతం కోశారు. ఒకామె కొడుకుకు తట్టు పోసినా పనికి వచ్చి, రోజంతా కిటికీ దగ్గర నిలబడి ఏడ్చింది. బద్లీ ఉన్న రోజుల్లో ఇలా ఉండేది కాదు. అది ఎవరి వల్ల పోయిందో ఎవరూ నాతో అనలేదు. నేను మెట్ల కిందికి టిఫిను తెచ్చుకుంటే, తినడం అయిపోయినట్టు లేచి చేతులు కడుక్కునేవాళ్ళు. కొన్నాళ్ళకు నేనే బట్టలు ఉడికించే గదిలో కూచుని తినడం మొదలుపెట్టాను. పొద్దున నడకలో వాళ్ళు ముందు పోయేవాళ్ళు, నేను వెనక. శాలిబండ మలుపు దగ్గర వాళ్ళ నవ్వు వినిపించేది, దేనికో తెలిసేది కాదు.

ఇక బిడ్డను బయటకు తీసుకెళ్ళి చుట్టాల చేతిలో పెట్టడం నా పని అయింది. వాళ్ళు మొహం చూసేవాళ్ళు, పేరడిగేవాళ్ళు, మిఠాయి పెట్టేవాళ్ళు. ఆ మిఠాయి పంచుకోవడానికి నా పక్కన ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇంటికి తెచ్చి కూతురికి పెట్టేదాన్ని.

పెద్దక్క ఆ ఏడే వయసయిందని మానేసింది. అప్పటిదాకా నాతో మాట్లాడలేదు.

ఒక సాయంత్రం ఆమె కూతురు మా ఇంటికి వచ్చింది. నిండు కడుపు. వార్డులో నాతో పాటే పనిచేస్తున్నా, నా కళ్ళలోకి చూసింది లేదు. చేతిలో తెల్లకాగితం ఉంది.

"సెలవుకు రాసియ్యాలంట" అంది. "మా అమ్మ నీతోని రాయించుకోమన్నది."

"అమ్మ ఏది?"

ఆ పిల్ల గల్లీ వైపు చూసింది. గుమ్మంలోంచి చూస్తే, ఎదురుగా కిరాణా కొట్టు అరుగు మీద పెద్దక్క కూచుని ఉంది. అటు తిరిగి ఉంది. జుట్టంతా నెరిసింది.

నేను పీట మీద కాగితం పెట్టుకుని రాశాను. నా రాత పెద్ద పెద్ద అక్షరాలు, వంకరగా ఉంటాయి. ఆ పిల్ల పేరు నాకు తెలిసినదే అయినా అడిగి రాశాను. నాకు కాన్పు ఉంది, సెలవు ఇప్పించమని అడుగుతున్నాను అని రాశాను. ఆ పిల్ల వేలిముద్ర వేసింది. చెంబుతో నీళ్ళు తీసుకుని నేను గల్లీ దాటి అరుగు దగ్గరికి వెళ్ళాను.

"నీళ్ళు తాగక్కా."

"తాగే వచ్చిన" అంది, చెంబు వైపు చూసి. తరువాత నా వెనక నిలబడ్డ కూతురిని అడిగింది, "అయిందా?"

"అయిందమ్మా."

కూతురి చెయ్యి పట్టుకుని మెల్లగా దిగింది. మోరీ పొంగే వెనక గల్లీ వైపు తిరగబోయి, కూతురి కడుపు చూసి, మా గుమ్మం ముందు నుంచే నడిచింది.

సెలవు ఇచ్చారు. ఆ పిల్ల రాని మొదటి పొద్దున వార్డులో ఆమె చోట ఎవరూ లేరు. వెనకటి రోజుల్లో అయితే కొంగు కప్పుకుని ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్ళు. మేట్రనమ్మ మా అందరి మొహాలూ చూసి, ఆమె పని ఎవరు చేస్తారని అడిగింది. మిగతావాళ్ళు ఎవరి బకెట్లు వాళ్ళు అందుకున్నారు. నేను చేస్తానన్నాను. నా వేడినీళ్ళ బకెట్ ఒక చేత, ఆమెది ఒక చేత పట్టుకుని లోపలికి వెళ్ళాను.